చెట్టు పేరు చెప్పి పాటలా?

మా తాతకు చెవి దూరం. ఎదురుగా నిలబడి రెండుసార్లు కేకేస్తే గానీ పలికేవాడు కాదు. టెంకాయ మాను దగ్గర మాత్రం ఆయనవి పాము చెవులు. పుత్తూరు పక్కన మా కయ్యగట్టు మీద వరసగా టెంకాయ మాన్లుండేవి. పొద్దున్నే, గాలి లేవకముందే, ఆయన ఒక్కో మాను దగ్గర ఆగి చెవినీ దవడనూ మొదలుకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఒకరోజు నన్నూ పిలిచాడు. "మాట్లాడగాకు. చెవి పెట్టి ఇను. ఇనబడతా వుండాదా?" అన్నాడు. మొదట నా గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి, ఎక్కడో లోతున, పక్కింట్లో ఎవరో ఎండుకొబ్బరి నములుతున్నట్టు కరకరమంది. "లోపల తింటా వుండాది" అని ఆయన మందు కోసం ఇంటికి నడిచాడు.

అది ఎర్ర ముక్కు పురుగు. దాని పిల్లపురుగులు కాండాన్ని లోపల్లోపలే తొలుచుకుంటూ తింటాయి. పైకి మట్టలు పచ్చగానే ఉంటాయి. మొవ్వు వాలి మన కంటికి కనబడేసరికి మాను చెయ్యి దాటిపోతుంది. ఆ పురుగును ముందే పట్టడానికి కాండానికి తగిలించే ధ్వని పరికరాలు ఇప్పుడు వచ్చాయి. చెవి దూరమైన మనిషికి ఆ చప్పుడు ఎలా అందిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. దానికి గాలితో పని లేదు. కర్ర నుంచి దవడ ఎముకకు, ఎముక నుంచి లోపలి చెవికి నేరుగా పోతుంది. ఈనాడు చెట్లను వినిపించే కళాకారులు కాండానికి అంటించే పీజో బిళ్ల చేసేదీ అదే పని: గాలిలోని గోలను పక్కనబెట్టి, కర్రలోని కంపనాన్ని మాత్రమే పట్టడం.

బతికున్న చెట్టు స్పందనను శబ్దంగా మార్చి వినిపించే కళ ఇవాళ ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. ఆకుకు రెండు తీగలు తగిలించి వీణలాగో పియానోలాగో మోగించేవాళ్ళున్నారు. కాండానికి చెవి అతికించేవాళ్ళున్నారు. చెట్టు మీద ఏళ్ళ తరబడి తీసిన కొలతలను స్వరాలుగా పేర్చేవాళ్ళున్నారు. అన్నింటినీ కలిపి "చెట్ల సంగీతం" అని ఒకే మాటతో పిలుస్తున్నాం. అక్కడే తికమక మొదలవుతోంది. మనం వింటున్నది చెట్టునా, యంత్రాన్నా, లేక ఆ యంత్రాన్ని సిద్ధం చేసినవాడి అభిరుచినా? శేషాచలం కొండల కింద కూర్చుని ఈ ప్రశ్న అడగడానికి నాకు సొంత కారణాలున్నాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

మన దేశంలో ఈ కథ జగదీశ్ చంద్ర బోస్ (1858–1937) దగ్గర మొదలవుతుంది. "మొక్కలకు ప్రాణముందని కనిపెట్టినవాడు" అని బడిలో మనకు నేర్పిన వాక్యం ఆయనకు న్యాయం చేయదు. మొక్కకు ప్రాణముందని తులసికోటకు నీళ్ళు పోసే ప్రతి ఇల్లాలికీ బోసుకు ముందే తెలుసు. ఆయన చేసింది అంతకంటే కష్టమైన పని. దెబ్బ, వేడి, విషం, మత్తుమందు - ఏది తగిలినా మొక్క లోపలి విద్యుత్తులో వచ్చే మార్పును కొలిచాడు. దాన్ని మొక్క చేతే గీతగా గీయించాడు. పురుగులను తినే వీనస్ ఫ్లైట్రాప్ ఆకులో ఇలాంటి విద్యుత్ స్పందన ఉందని 1873లోనే బర్డన్ శాండర్సన్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. కదిలే మొక్కల్లోనే కాదు, క్యారెట్, క్యాబేజీ లాంటి మామూలు కూరగాయల్లోనూ స్పందన ఉందన్నది బోస్ వాదం. 1901 మే 10న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో దాన్ని పెద్దల ముందు ప్రదర్శించాడు. ఒప్పుకోనివారిలో ఆ శాండర్సన్ కూడా ఉన్నాడు. తర్వాత మొక్క పెరుగుదలను పది వేల రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ తయారుచేశాడు. 1917లో కలకత్తాలో సొంత పరిశోధన సంస్థ స్థాపించాడు.

బోస్ చేసిన పనుల్లో ఈ వ్యాసానికి అన్నిటికంటే దగ్గరిది ఫరీద్‌పూర్ చెట్టు కథ. ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న ఆ ఊళ్ళో ఒక ఖర్జూరపు మాను సాయంత్రం గుడి గంటలు మోగే వేళకు తల వంచేది, పొద్దున్నే తిరిగి లేచేది. జనం దాన్ని దేవుడి మహిమగా కొలిచారు. బోస్ ఆ మానుకు తన పరికరాన్ని కట్టి రాత్రింబవళ్ళు దాని కదలికను గీయించాడు. వేడి పెరిగేకొద్దీ వాలడం, చల్లబడేకొద్దీ లేవడం - అది ఉష్ణోగ్రతకు చెట్టు ఇస్తున్న జవాబు అని తేల్చాడు. ఆ వివరణ వల్ల చెట్టు గొప్పతనం తగ్గలేదు. కదలని కాండమని అందరూ అనుకునేది ఎండనుబట్టి రోజుకోసారి వాలి లేస్తోందని తెలియడం ఏ మహిమకూ తీసిపోదు. చెట్టు స్పందనను మన భాషలోకి తెచ్చేటప్పుడు మన కోరికను దానిమీద రుద్దకుండా ఉండడం ఎలాగో ఆ ఒక్క ప్రయోగం నేర్పుతుంది. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది ఆ పాఠం మరిచారు.

1950లలో చిదంబరం అన్నామలై విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యుడు టి.సి.ఎన్. సింగ్ మొక్కలకు కర్ణాటక సంగీతం వినిపించి, అవి బాగా పెరిగాయని ప్రకటించాడు. మన చిత్తూరుకు అంత దూరం కాని చోట జరిగిన పని కాబట్టి, సంగీతం వింటే పైరు ఏపుగా పెరుగుతుందనే నమ్మకం ఇక్కడ ఇప్పటికీ గట్టిగా ఉంది. ఆ ఫలితాలను పకడ్బందీ పరీక్షలు నిలబెట్టలేదు. 1966 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో క్లీవ్ బాక్‌స్టర్ అనే అబద్ధాల గుర్తింపు యంత్రం నిపుణుడు తన ఆఫీసులోని డ్రసీనా మొక్కకు ఆ యంత్రాన్ని తగిలించాడు. ఆకును కాల్చాలని అనుకోగానే ముల్లు ఎగిరిందన్నాడు. మొక్క మనసు చదువుతుందన్న మాట లోకమంతా పాకింది. ఆ మాటకు రుజువుగా ఆయన తర్వాత చేసిన ప్రయోగాన్ని జాగ్రత్తగా తిరిగి చేసిన కార్నెల్ పరిశోధకులకు 1975లో అలాంటిదేమీ కనబడలేదు. అప్పటికే 1973లో వచ్చిన "ద సీక్రెట్ లైఫ్ ఆఫ్ ప్లాంట్స్" పుస్తకం బోస్‌నూ సింగ్‌నూ బాక్‌స్టర్‌నూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టేసింది. ఆ పుస్తకం మీద తీసిన సినిమాకు స్టీవీ వండర్ సంగీతం కట్టాడు, 1979లో అది రికార్డుగా వచ్చింది. బోస్‌కు జరిగిన అన్యాయాల్లో ఆ పంక్తి కూడా ఒకటి అని నా అభిప్రాయం.

అదే 1966లో ఇంకో సంగతి జరిగింది. దాని గురించి ఎవరూ సినిమా తీయలేదు. బ్రిటన్‌లో మిల్‌బర్న్, జాన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ఆకు తొడిమకు కంపనాలను పట్టే పరికరం తగిలించి, ఆకును వాడిపోనిచ్చారు. వాడుతున్నకొద్దీ టిక్ టిక్‌మని చప్పుళ్ళు వచ్చాయి. ఆ ఆకు ఆముదపుది, మన మెట్టచేలలో గట్టుకు పెరిగే ఆముదం.

ఆ టిక్కు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిస్తే మిగతా వ్యాసమంతా తేలికవుతుంది. వేరు నుంచి ఆకు దాకా దారువులో సన్నని గొట్టాలుంటాయి. వాటిలో నీరు తెగని తీగలా నిలబడి ఉంటుంది. ఆకు నుంచి నీరు ఆవిరైనకొద్దీ ఆ తీగ పైకి లాగబడుతుంది. మనం బోరులో నీళ్ళు తోడినట్టు కింద నుంచి నెట్టేది కాదు, పైనుంచి గుంజేది. డిక్సన్, జోలీ అనే శాస్త్రజ్ఞులు 1894లోనే ఈ సిద్ధాంతం చెప్పారు. నేల ఎండి వేరుకు నీరు అందనప్పుడు గుంజుడు ఇంకా బిగుస్తుంది. ఒక హద్దు దాటాక నీటి తీగ పుటుక్కున తెగి, ఆ గొట్టంలో గాలి బుడగ నిండుతుంది. టిక్కు అదే. ఒక్కో టిక్కు ఒక్కో నీటిదారి మూతబడిన గుర్తు. కొన్ని దారులు మళ్ళీ నిండుతాయి, కొన్ని శాశ్వతంగా పోతాయి. నీరు పారడానికి మాత్రం చప్పుడుండదు. డాక్టరు స్టెతస్కోపు చెట్టుకు పెట్టి "రసం ప్రవహించే ధ్వని విన్నాను" అనేవాళ్ళు చాలావరకు వింటున్నది కొమ్మల ఊపునూ గాలినీ. హాయిగా నీళ్ళు తాగుతున్న చెట్టు మౌనంగా ఉంటుంది. దప్పికగొన్న చెట్టే చప్పుడు చేస్తుంది.

ఈ చప్పుళ్ళలో ఎక్కువ భాగం మన చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ హద్దుకు పైన ఉంటాయి. 2023 మార్చిలో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో లిలాక్ హదనీ బృందం "సెల్" పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని ఇంటింటి వార్త చేసింది. టమాట, పొగాకు మొక్కలు నీళ్ళు లేనప్పుడూ కాండం కోసినప్పుడూ గంటకు పదుల కొద్దీ చప్పుళ్ళు చేశాయి. నీళ్ళు పోసిన మొక్కలు గంటకు ఒకటి కూడా చేయలేదు. 40 నుంచి 80 కిలోహెర్ట్జ్ మధ్య వచ్చిన ఆ ధ్వనులను మూడు నుంచి అయిదు మీటర్ల దూరంలోని మైకు పట్టగలదని లెక్కగట్టారు. పత్రికలు దాన్ని "మొక్కలు ఏడుస్తున్నాయి" అని రాశాయి. పరిశోధకులు ఆ మాట అనలేదు. గుడిసె మీద వడగండ్లు పడితే రేకు మోగుతుంది, రేకు ఏడ్చిందని అనం. అయినా ఆ మోతలో వాన సంగతి ఉంటుంది. టిక్కులో దప్పిక సంగతి ఉన్నట్టే.

ఇప్పుడు కళ దగ్గరికి. చెట్ల సంగీతం పేరుతో మార్కెట్‌లో దొరికే పరికరాల్లో ఎక్కువ పేరున్నవి అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన డేటా గార్డెన్ వాళ్ళవి. 2014లో జనం దగ్గర చందాలతో మిడి స్ప్రౌట్ తెచ్చారు, తర్వాత ఫోనుకు కలుపుకునే ప్లాంట్‌వేవ్ తెచ్చారు. ఇటలీలో దమన్‌హుర్ అనే సమాజం 1970ల నుంచి ఇలాంటి ప్రయోగాలు చేస్తూ వచ్చింది. పని తీరు అన్నిటిదీ ఒకటే. ఆకు మీద రెండు ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. వాటి మధ్య విద్యుత్తు ఎంత సులువుగా పోతోందో యంత్రం క్షణక్షణం కొలుస్తుంది. ఆకులో నీరు మారినా, గాలిలో తేమ మారినా, మనిషి దగ్గరికి వచ్చి చెయ్యి వేసినా ఆ అంకె మారుతుంది. అంకె మారినప్పుడల్లా ఒక స్వరం మోగుతుంది.

ఆ స్వరం ఏది? ఏ వాద్యంలో? ఏ రాగంలో? ఇవేవీ చెట్టు చెప్పదు. యంత్రం తయారుచేసినవాళ్ళు అపస్వరం రాకుండా ఒక స్వరమాల ముందే పెట్టి ఉంచుతారు. మోహనంలో ఉన్న అయిదు స్వరాలను మాత్రమే ఇచ్చి, ఏ అంకె వచ్చినా వాటిలో ఒకటే మోగాలని కట్టడి చేస్తే, పొన్నగంటి ఆకు నుంచి వచ్చినా రావి ఆకు నుంచి వచ్చినా అది మోహనంలాగే ఉంటుంది, హాయిగానే ఉంటుంది. అందుకే ఎండిపోతున్న మొక్క కూడా ఆ యంత్రంలో తీయగానే పాడుతుంది. నా అభ్యంతరం ఇక్కడే. దప్పికను హాయిగా వినిపించే యంత్రం మనకు చెట్టు గురించి తప్పు చెబుతోంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అని మనకో సామెత ఉంది. ఇక్కడ చెట్టు పేరు చెప్పి మన పాటే మనం వింటున్నాం.

ఈ దారిలోనూ నిజాయితీగా నడిచినవాళ్ళున్నారు. ఫ్రాన్స్‌కు చెందిన సెనోకాస్మ్ అనే ఇద్దరు కళాకారుల జంట 2007లో "అకూస్మాఫ్లోర్" చేసింది. వేలాడే మొక్కలను చూడవచ్చినవాళ్ళు ముట్టుకుంటే అవి మోగుతాయి. మోగేది మొక్క కాదు, మొక్కకూ మనిషి చేతికీ మధ్య జరిగే విద్యుత్ మార్పు అని ఆ రచనే చెబుతుంది. అసలు సంగతిని దాచలేదు కాబట్టి అది నాకు నచ్చుతుంది. 1975లో స్వరకర్త జాన్ కేజ్ "చైల్డ్ ఆఫ్ ట్రీ"లో కాక్టస్ ముళ్ళను మైకు పెట్టి మీటించాడు. అందులో మొక్క వాద్యం, వాయించేది మనిషి. దానిలోనూ దాపరికం లేదు.

నా దృష్టిలో ఈ కళకు మూలస్తంభాలు వేరే ఇద్దరు. ఒకరు అమెరికా స్వరకర్త డేవిడ్ డన్. న్యూ మెక్సికోలో కరువుకు నీరసించిన పిన్యన్ పైన్ చెట్లను బెరడు పురుగులు గుంపులుగా చంపుతున్న రోజుల్లో, ఆయన చవక సామాన్లతో సూదుల్లాంటి గ్రాహకాలు కట్టి బెరడు లోపల దించాడు. కంటికి కనబడని పురుగుల సంభాషణ, నమిలే చప్పుడు, చెట్టు కణజాలం పగిలే చప్పుడు కలిపి 2006లో "ద సౌండ్ ఆఫ్ లైట్ ఇన్ ట్రీస్" అనే రికార్డు విడుదల చేశాడు. అది విన్నప్పుడు నాకు పుత్తూరు గట్టు మీది కరకర గుర్తొచ్చింది. డన్ అంతటితో ఆగలేదు. పురుగుల శబ్దాలనే మార్చి వాటికి వినిపిస్తే వాటి పని చెడుతుందేమోనని నార్తర్న్ ఆరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి పరీక్షించాడు. వినడం కోసం మొదలైన కళ చెట్టును కాపాడే ప్రయత్నం దాకా వెళ్ళింది.

రెండోవారు స్విట్జర్లాండ్‌కు చెందిన మార్కస్ మేడర్. జ్యూరిక్ కళల విశ్వవిద్యాలయంలో ఉన్న ఈ శబ్దకళాకారుడు, చెట్ల నీటి లెక్కలు చూసే శాస్త్రజ్ఞుడు రోమన్ జ్వైఫెల్‌తో చెయ్యి కలిపాడు. రోన్ నది లోయలో వాలే ప్రాంతంలో వేసవులు ముదిరి స్కాట్స్ పైన్ చెట్లు చచ్చిపోతున్నాయి. వాళ్ళు ఒక పైన్ చెట్టుకు రకరకాల గ్రాహకాలు కట్టారు: నీటి తీగ తెగే చప్పుడుకు ఒకటి, కాండంలో నీటి వేగానికి ఒకటి, కాండం లావుకు ఒకటి. చెట్టు కాండం పగలు నీరు పోయి రవ్వంత సన్నబడుతుంది, రాత్రి నీరు పట్టి లావెక్కుతుంది. ఎండ, తేమ, నేల తడి కొలతలనూ వాటి పక్కనే నడిపించారు. గదిలో కూర్చున్న శ్రోతకు మధ్యాహ్నం ఎండ ముదిరేకొద్దీ టిక్కులు చిక్కబడటం, వాన పడ్డాక సద్దుమణగడం ఒంటికి తెలుస్తుంది. టిక్కు టిక్కుగానే ఉంది, కేవలం మన చెవి అందుకునే ఎత్తుకు దించారు. మిగతా కొలతలకు పెట్టిన ధ్వనులు తాము ఎంచుకున్నవని దాచలేదు. ఇంగ్లండ్‌లో అలెక్స్ మెట్‌కాఫ్ అనే కళాకారుడు చెట్టు కొమ్మల నుంచి హెడ్‌ఫోన్లు వేలాడదీసి, దారినపోయేవాళ్ళ చెవికి కాండాన్ని అందించాడు. అది చిన్నపిల్లలకు ఎంతో మంచి పని. మేడర్ చేసింది అంతకంటే లోతైనది, ఎందుకంటే అందులో ఒక చెట్టు చావుకు కారణం వినబడుతుంది.

కొలతలను స్వరాలుగా పేర్చే పద్ధతిలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల పని ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. అలాస్కా తీరంలో నేలను కప్పే హిమం తగ్గి పసుపు దేవదారులు చనిపోతున్నాయి. లారెన్ ఓక్స్ వాటిని ఒక్కొక్కటిగా లెక్కించింది. ఆ లెక్కను నిక్ సావే సంగీతంగా మార్చాడు. ఒక్కో జాతికి ఒక్కో వాద్యం, చచ్చిన దేవదారు స్థానంలో స్వరం ఉండదు. ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేకొద్దీ ఒక వాద్యం అడుగంటి, ఇంకో జాతి వాద్యం ముందుకొస్తుంది. ఇది చెట్టు గొంతు కాదు, జనాభా లెక్కల గొంతు. అయినా నిజాయితీ ఉన్నది. 2011లో బార్తలొమ్యూస్ ట్రౌబెక్ అనే కళాకారుడు చెట్టు వలయాలను రికార్డు ప్లేయరు మీద తిప్పి పియానోగా మార్చిన "ఇయర్స్" మాత్రం చూడముచ్చటగా ఉంటుంది గానీ, నరికిన చెక్క మీద జరిగిన పని కావడం వల్ల మన ప్రశ్నకు జవాబివ్వదు.

నరికిన చెక్క అన్నాను కాబట్టి ఇక మా కొండల దగ్గరికి రావాలి.

మా ప్రాంతానికి చెట్టు నుంచి నాదం రావడం కొత్త కాదు. అయితే అది చెట్టు చచ్చాక వచ్చేది. మృదంగం, వీణ పనస కర్రవి. నాదస్వరానికి మంచి కర్ర నారయేపి, అందులోనూ పాత ఇళ్ళ దూలాలుగా ఏళ్ళు ఎండినదైతే ఇంకా మేలు. వీటన్నిటికంటే పెద్ద కథ ఎర్రచందనానిది. తూర్పు కనుమల దక్షిణ కొసన, శేషాచలం, వెలిగొండ, పాలకొండ లాంటి కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగని చెట్టు అది. చేవ పట్టిన ముక్క నీళ్ళలో వేస్తే మునుగుతుంది. జపాన్‌లో షమిసెన్ అనే మూడు తీగల వాద్యానికి శ్రేష్ఠమైన దండి ఈ కర్రతోనే చేస్తారు. చైనాలో రాజుల కాలం నాటి పద్ధతిలో చేసే కుర్చీలకూ బీరువాలకూ దీనికి ఎనలేని గిరాకీ. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది, అంతరించే ప్రమాదమున్న జాతుల్లో ఉంది. అయినా గొడ్డలి ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గరి అడవిలో పోలీసుల కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. ఒక వాద్యపు దండికీ ఒక కుర్చీ చేతికీ అంత ధర పలికే లోకంలో, కొట్టడానికి వచ్చిన బీదవాడి ప్రాణం ధర ఎంతో ఆ రోజు తెలిసింది.

అందుకే "చెట్టు పాడుతోంది" అనే మాట ఇక్కడ నాకు తేలికగా నోటికి రాదు. మా చెట్టు ఇన్నాళ్ళూ పాడింది నరికాకే. ఇప్పుడు నిలబడి ఉండగానే దాని చప్పుడు వినాలని అడగడంలో ఒక ధర్మం ఉంది. ఆ చప్పుడును ఇంకో కమ్మని సరుకుగా మార్చకూడదని అడగడంలోనూ అదే ధర్మం ఉంది.

వినాల్సినంత సంగతి మా దగ్గర ఉంది. శేషాచలాన్ని 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. తిరుపతి కొండల పేరీత, తంబజాలారి, తెల్లకరక, మొగి లాంటివి ఈ కనుమలకే పరిమితమైన జాతులు. 2014 మార్చిలో తిరుమల అడవికి నిప్పంటుకుంటే వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు పోయాల్సి వచ్చింది. కింద పల్లెల్లో తోతాపురి తోటలున్నాయి. కరువేళ్ళలో వెయ్యి అడుగుల బోరు కూడా ఎండిపోతే, అప్పు చేసి ట్యాంకర్లతో మామిడి చెట్లకు నీళ్ళు పోసిన రైతులు చిత్తూరు జిల్లాలో ఊరూరా ఉన్నారు. ఏ చెట్టుకు ముందు పోయాలి, ఏది ఇంకో వారం ఆగగలదు అన్నది వాళ్ళు ఆకు వాలు చూసి నిర్ణయిస్తారు. ఆకు వాలకముందే లోపల టిక్కులు మొదలుకాగలవని శాస్త్రం చెబుతోంది. ఇక్కడ కళకూ సేద్యానికీ మధ్య గోడ లేదు.

జబ్బు చెయ్యి దాటకముందే వినడం ఎంత అవసరమో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూపించింది. వందల ఏళ్ళ ఆ మర్రిని చెద లోపల్లోపల తిన్నది. 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కిస్తున్న ఫొటోలు దేశమంతా చూసింది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఎన్నో ఎకరాల మేర ఊడలు దించుకుని నిలబడి ఉంది. దానికి ఆ గతి పట్టకముందే చెవి పెట్టేవాళ్ళు కావాలి.

సాధనాలు దూరంలో లేవు. ఏర్పేడు దగ్గర శాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్ తిరుపతిలో వి.వి. రాబిన్ బృందం పశ్చిమ కనుమల షోలా కొండల్లో పక్షుల పాటలను రికార్డు చేసి పరిశోధిస్తోంది. శబ్దాన్ని శాస్త్రంగా చదవగల చేతులు మన జిల్లాలోనే ఉన్నాయన్నమాట. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్ పై ఆకాశం నుంచి తిరిగొచ్చే సన్నని ప్రతిధ్వనులను ఏళ్ళ తరబడి పడుతోంది. ఆకాశానికి చెవి పెట్టినచోట మామిడిచెట్టుకు చెవి పెట్టలేమా? శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం ఉంది, తిరుపతిలోనే సంగీత నృత్య కళాశాల ఉంది. వాగ్గేయకారుడు అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద భద్రపరిచిన ఊరు ఇది. శబ్దాన్ని దాచుకోవడం ఈ ఊరికి ఒకరు నేర్పాల్సిన పని కాదు.

ఎవరైనా ఇక్కడ అలాంటి కళాకృతి చేయబూనితే వాళ్ళకు నా విన్నపాలు కొన్ని. అడవిలో స్పీకరు పెట్టవద్దు. తిరుమల నడకదారుల్లో ఇప్పటికే మైకులు ఉన్నాయి, ఇంకో గోల జంతువులకు పెనుభారం. వినే చోటు ఊళ్ళో ఉండాలి, చెవికి హెడ్‌ఫోన్ ఉండాలి. గ్రాహకం కోసం కాండానికి మేకు దించవద్దు. ప్లెక్సీల కోసం మన వీధి చెట్లకు కొట్టిన మేకులే చాలు. ఏ చప్పుడు చెట్టుది, ఏ స్వరం మీరు పెట్టినదో పక్కనే పలకమీద తెలుగులో రాయండి. అన్నిటికంటే ముఖ్యం, చప్పుడు లేనప్పుడు చప్పుడు పుట్టించవద్దు. వాన పడిన రాత్రి మీ గదిలోకి వచ్చినవాడికి గంటసేపు ఏమీ వినబడకపోతే నిరాశపడతాడేమోనని భయపడకండి. ఆ నిశ్శబ్దమే ఆ రోజు చెట్టు ఇచ్చిన జవాబు. టికెట్ కొన్నవాడికి పాట ఇవ్వాలన్న తొందరే ఈ కళను ఇన్నేళ్ళూ పాడుచేసింది.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాన్నీ, ఐసర్‌నూ, సంగీత కళాశాలనూ, అటవీ శాఖనూ నేను అడిగేది ఇదే. ఒక వేసవికి కలిసి కూర్చోండి. అలిపిరి కింద ఒక ఎర్రచందనం, చిత్తూరు పక్కన నీళ్ళున్న తోటలో ఒక మామిడి, నీళ్ళు లేని తోటలో ఒక మామిడి, ఏదైనా పల్లె రచ్చబండ దగ్గర ఒక చింతమాను - ఈ నాలుగింటికి ఫిబ్రవరి నుంచి జూన్ దాకా చెవి పెట్టండి. వచ్చినది వచ్చినట్టు జనానికి వినిపించండి. రైతులను మొదట పిలవండి. మొదటి ఏడాదికి నాలుగు చెట్లు చాలు.